చలివేంద్రం పన్నెండు రోజులకే ఆగిపోయింది, ఈసారి వేసవంతా నడపాలంటే ఎలా?

దర్శి నుంచి అడిగింది:

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా దర్శి. మా బజారులో ఎనభై ఇళ్ళున్నాయి. రెండేళ్ళ కిందట కమిటీ వేసుకున్నాం. వినాయక చవితి పందిరి, సైడు కాలవల పూడిక, వీధి లైట్ల అర్జీలు, ఇలాంటివి చూసుకుంటూ ఉంటాం. నిరుడు ఏప్రిల్ మొదట్లో రోడ్డు మలుపులో చలివేంద్రం పెట్టాం. మొదటిరోజు బ్రహ్మాండంగా జరిగింది. మామిడాకుల తోరణాలు, మజ్జిగ, ఫొటోలు. పన్నెండో రోజుకి కుండల్లో చుక్క నీళ్ళు లేవు. మే నెలలో ఎండలు ముదిరేసరికి ఉత్త పందిరి మిగిలింది.

ఒక మధ్యాహ్నం పల్లె నుంచి ఆసుపత్రికి వచ్చిన పెద్దావిడ ఆ పందిరి చూసి దగ్గరికొచ్చింది. కుండ మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూత పెట్టి నడిచిపోయింది. మా అరుగు మీద నుంచి చూసి చెంబుతో పరిగెత్తాను. ఆవిడ తాగింది గానీ నాకు సిగ్గేసింది. ఈసారి అలా కాకూడదు. డబ్బు ఎంత కావాలి, ఏ నీళ్ళు పొయ్యాలి, అసలు ఎక్కడ చెడింది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కావలి నుంచి జవాబు:

తమ్ముడూ, రోజూ కుండలు ఎవరు నింపేవాళ్ళు? వంతులు వేసుకున్నారు కదూ! మేమూ మూడు వేసవులు అలాగే చేశాం. ఇంటికో రోజు అని కాగితం మీద రాసుకుంటాం. మొదటి వారం అందరూ వస్తారు. తర్వాత ఒకరికి పెళ్ళి, ఒకరికి కొట్టు, ఒకరికి ఒంట్లో బాగోదు. ఎవరిదీ తప్పు కాదు, అది పెళ్ళిళ్ళ కాలం. ఒక్కరోజు కుండ కడగకపోతే రెండోరోజు వాసన వస్తుంది, మూడోరోజు ఎవరూ దగ్గరికి రారు.

నాలుగో ఏడు మా వీధిలోనే ఒకావిడను కూలికి పెట్టుకున్నాం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా. అప్పట్నుంచి ఒక్కరోజు ఆగలేదు. మీ లెక్క వేసి చూడు. రోజుకు 400 రూపాయలు అనుకుంటే 60 రోజులకు 24,000. ఎనభై ఇళ్ళు, ఇంటికి 300 వేసుకుంటే అదీ 24,000. అంటే మీ చందా మొత్తం ఆ మనిషి కూలికే సరిపోతుంది. నీళ్ళకీ కుండలకీ పందిరికీ వేరే దాతల్ని చూసుకోండి. కుండ కొనిచ్చేవాళ్ళు, మజ్జిగ పోసేవాళ్ళు చాలామంది దొరుకుతారు, కూలి ఇస్తామనేవాళ్ళు దొరకరు. అందుకే ముందు కూలి డబ్బు పక్కన పెట్టాక మిగతా సంగతి ఆలోచించండి. ప్రతి శనివారం సాయంత్రం ఆమె చేతిలో పెట్టెయ్యాలి. కూర్చోడానికి కుర్చీ, నీడ, మధ్యాహ్నం భోజనానికి మనిషిని మార్చడం కూడా మీ బాధ్యతే.

ఇంకో మాట. ఉగాది నాడే మొదలుపెట్టాలని ఏమీ లేదు. ఏప్రిల్ సగం నుంచి జూన్ 12న బళ్ళు తెరిచేదాకా చూసుకోండి. మే ఆఖరి వారంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండ అంటారే, ఆ రెండు వారాలకు డబ్బు విడిగా ఉంచుకోకపోతే మళ్ళీ నిరుటి కథే.

డబ్బు ఒకరి ఫోన్‌పేలో వేయించుకోవద్దు. ఎంత మంచివాడైనా మాట పడతాడు. ఇద్దరి సంతకాలతో జాయింటు ఖాతా తెరిచి, వచ్చిందీ పోయిందీ పందిట్లోనే బోర్డు మీద రాయండి. ఏటా నిధి పోగుచేసే ఆలోచన ఉంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఈ ఒక్క వేసవికి ఆ టెన్షన్ అక్కర్లేదు.

కుమ్మరి ఇంటి నుంచి జవాబు:

అన్నా, అక్క చెప్పిన మాట నిజం. కుండల సంగతి నేను చెబుతా, మాది తరతరాలుగా చక్రం తిప్పిన ఇల్లు.

కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమని మోగాలి. మొద్దుగా మోగితే సన్న పగులు ఉన్నట్టే. రంగు వేసిన కుండ, నున్నగా మెరిసే కుండ వద్దు. కుండ ఒంటికున్న సన్న రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి, ఆరితేనే లోపల నీళ్ళు చల్లబడతాయి. రంగు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వాడండి. కింద ఇసుక పోసి తడపండి, చుట్టూ తడి గోనెపట్ట కట్టండి. గాలి తగిలేచోట పెట్టాలి, మూల్లో కాదు. మీ వైపు పడమటి గాలి పొడిగా వీస్తుంది కాబట్టి సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళకంటే మీకు కుండ నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి.

నిరుడు రెండో వారానికి నీళ్ళు చల్లబడటం తగ్గి, కుండ మీద తెల్లగా పొక్కు కట్టిందా? బోరు నీళ్ళు పోసి ఉంటారు. ఆ ఉప్పు రంధ్రాల్లో పేరుకుంటుంది. సబ్బు పెట్టొద్దు, ఆ వాసన మట్టిలోకి దిగిపోతుంది. కొబ్బరి పీచుతో రుద్ది ఎండలో ఆరబెట్టండి. ఆరు కుండలు కొని నాలుగు వాడుతూ, రెండు ఆరబెడుతూ మారిస్తే వేసవంతా వస్తాయి.

దర్శి నుంచి మళ్ళీ:

అచ్చం అదే జరిగింది అన్నా, తెల్లగా పొక్కు. బోరు నీళ్ళే పోశాం. కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందా?

ఏఎన్ఎం ఒకరి జవాబు:

బాబూ, మీ దర్శి, కనిగిరి, పొదిలి వైపు బోర్లలో ఫ్లోరైడ్ సమస్య ఎప్పటినుంచో ఉన్నదే. కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. క్లోరిన్ బిళ్ళకూ పోదు. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. కాబట్టి సాగర్ నీళ్ళ కుళాయి ఉంటే అవి, లేకపోతే వాటర్ ప్లాంటు క్యాన్లు. 20 లీటర్ల క్యానుకు గ్లాసు పావు లీటరు లెక్కన 80 గ్లాసులు వస్తాయి. రోజుకు అయిదొందల మంది వస్తారనుకుంటే ఏడు క్యాన్లు ఉంచుకోండి. కుళాయి నీళ్ళయితే 20 లీటర్లకు అరగ్రాము క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగాలి. ప్లాంటు నీళ్ళలో క్లోరిన్ మిగిలి ఉండదు, అందుకే కుండ శుభ్రం ఇంకా ముఖ్యం.

గ్లాసు కుండలో ముంచనివ్వకండి. పొడుగు కాడ గరిటెతోనో, కుళాయి ఉన్న కుండతోనో పొయ్యండి. అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు. కొందరికి గ్లాసు, కొందరికి దోసిలి అనే పాత అలవాటు ఎక్కడా తల ఎత్తకూడదు, పోసే మనిషికి ముందే గట్టిగా చెప్పండి. మజ్జిగ స్టీలు పాత్రలోనే. మధ్యాహ్నం దాటితే పులుస్తుంది, ఉదయమే అయిపోయేలా చూసుకోండి. చేపలకు వాడే ఐసు గడ్డ మజ్జిగలో వెయ్యొద్దు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆశా కార్యకర్తను అడగండి. 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒక లీటరులో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. కలిపింది 24 గంటల్లో అయిపోవాలి. ప్యాకెట్టు లేనప్పుడు లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి.

ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ళ దీనికి పనిచెయ్యదు. ఇదంతా ఒక అట్టమీద పెద్దక్షరాలతో రాసి పందిట్లో కట్టండి. నీళ్ళు పోసే ఆవిడకు ఒకసారి చదివి వినిపించండి.

ఒంగోలు నుంచి జవాబు:

రోడ్డు మార్జిన్లో పందిరి కాబట్టి నగర పంచాయతీకి ఒక అర్జీ, పోలీస్ స్టేషన్లో ఒక కాపీ ఇచ్చి ఉంచండి. తాటాకు పందిరి కరెంటు తీగల కింద వద్దు. ఫ్యానుకి కొక్కెం వెయ్యకుండా పక్క కొట్టాయన్ని అడిగి లైను తీసుకోండి.

దర్శి నుంచి:

అక్కా, అన్నా, అందరికీ దణ్ణాలు. నిన్న రాత్రి కమిటీ కూర్చుంది. మా బజారులోనే ఒక పిన్ని ఒప్పుకుంది, శనివారం శనివారం కూలి. ఇంటికి 300 రాసుకున్నాం, 62 ఇళ్ళు అక్కడికక్కడే ఇచ్చేశాయి. క్యాన్లు ఇద్దరు కొట్ల వాళ్ళు తలో నెల పోస్తామన్నారు. ఒకటే మిగిలింది. నిరుటి కుండలు నాలుగున్నాయి, రెండింటికి మూతి పగిలింది. పారెయ్యమంటారా?

కుమ్మరి ఇంటి నుంచి:

పారెయ్యొద్దన్నా. మంచివి రెండూ పీచుతో రుద్ది నాలుగు రోజులు ఎండబెట్టి, నీళ్ళు పోసి చూడండి. గంటలో ఒంటిమీద చెమ్మ ఊరితే వాడుకోవచ్చు, ఊరకపోతే పప్పులు పోసుకోడానికి ఎవరికైనా ఇచ్చెయ్యండి. మూతి పోయినవాటిని నడుం దాకా మెల్లగా కొట్టించి, పందిరి వెనక నీడలో మట్టిలో కుదురుగా పాతండి. పిట్టలకూ కుక్కలకూ సరిపోతాయి. పిన్ని కుండలు కడిగేటప్పుడు వాటి నీళ్ళు కూడా మారిస్తే దోమలు చేరవు.