దుబాయికి కొత్తగా వచ్చాను, భక్తి చల్లారకుండా ఎలా?

అందరికీ వందనాలు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఈమధ్యే దుబాయిలో అకౌంటెంటుగా చేరాను. ఇక్కడి జీతాలు, మాల్స్, రూమ్‌మేట్ల పార్టీలు చూస్తుంటే ఊళ్లో ఉన్నప్పటి ప్రార్థనా జీవితం నిలుస్తుందా అని దిగులుగా ఉంది. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు 1

తమ్ముడూ, వందనాలు. పార్టీల గురించి నాకంత బెంగ లేదు. అవి తప్పని మీకు ముందే తెలుసు కనుక జాగ్రత్తపడతారు. ఇక్కడ మనవాళ్లు దేవునికి దూరం కావడం నేను ఎక్కువగా చూసింది అప్పుల వల్ల.

జీతం మీద ఆదాయపు పన్ను లేదు. నాలుగు జీతాలు ఖాతాలో పడగానే బ్యాంకుల ఫోన్లు మొదలవుతాయి. ఇక్కడి నిబంధనల ప్రకారం నెల జీతానికి 20 రెట్ల వరకు వ్యక్తిగత రుణం ఇవ్వవచ్చు, 48 నెలల్లో తీర్చాలి, వాయిదాలు జీతంలో సగం దాటకూడదు. ఊళ్లో మేడ, చెల్లెలి పెళ్లి, ఇక్కడ కారు... అన్నీ న్యాయంగానే కనిపిస్తాయి. కానీ సగం జీతం వాయిదాలకే పోయేవాడు ఆదివారం ఓవర్‌టైమ్ వద్దనగలడా? మేనేజరు దొంగ బిల్లును లెక్కల్లో రాయమంటే కుదరదని చెప్పగలడా? మీ ఉద్యోగంలో ఈ రెండో ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకావచ్చు.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం తీరిగ్గా చదవండి. ఎడారిలో మన్నా తిని బతికిన జనానికి మోషే చేసిన హెచ్చరిక ఆకలి గురించి కాదు. కడుపు నిండాక, మంచి ఇళ్లు కట్టుకున్నాక, వెండి బంగారాలు పెరిగాక దేవుణ్ణి మరచిపోతారని, ఇదంతా మా కష్టార్జితమే అనుకుంటారని ఆయన భయం. దేవుడు చేసిన మేలుల గురించి సంఘంలో చెప్పుకునే మన సాక్ష్యాల్లో దీన్ని తలకిందులు చేసి, వీసా వస్తే దీవెన, రద్దయితే శాపం అన్నట్టు మాట్లాడతారు. నాకది బొత్తిగా గిట్టదు. లాటరీ టికెట్టు నంబరు మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవాళ్లు కూడా తగులుతారు. టికెట్టు ఖరీదు ఎక్కువ కాబట్టి గదిలో అందరూ కలిసి కొందామంటారు, మీ వాటా కూడా అడుగుతారు. మొహమాటపడకండి.

2022 జనవరి నుంచి ఇక్కడ వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది. కాబట్టి మీలాంటి ఆఫీసు ఉద్యోగులకు ఆరాధనకు వెళ్లడం సులువే. ఊద్ మేథా, జెబెల్ అలీల్లోని చర్చి ప్రాంగణాల్లో వేర్వేరు భాషల ఆరాధనలు జరుగుతాయి. వారానికొక సంఘం తిరగకుండా ఒకచోట కుదురుకోండి. మీరు రాకపోతే ఫోను చేసి అడిగే మనిషి ఒకరైనా ఉండాలి. ఇంకొక మాట, ఊరి చర్చి కట్టడానికని వాట్సాప్‌లో చందాలు అడగకండి. అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ విరాళాలు సేకరించకూడదని 2021లో చట్టం చేశారు. మీ కానుక మీరు పంపుకోవచ్చు.

జవాబు 2

అన్నగారు చెప్పింది బాగుంది కానీ, అప్పే వద్దనడం అందరికీ కుదరదు. నేను నర్సును. మా వార్డులో పనిచేసే సగం మంది తల్లిదండ్రుల వైద్యానికే అప్పు చేశారు. దశమభాగం, అంటే సంఘానికిచ్చే ఆదాయంలో పదో వంతు, తగ్గిందని వాళ్లను నిలదీసే సంఘ పెద్దలకు మార్కు సువార్త 7వ అధ్యాయం చూపించాలనిపిస్తుంది. కొర్బాను, అంటే ఇది దేవునికి అర్పితం, అని పేరు చెప్పి తల్లిదండ్రులను వదిలేసేవాళ్లను యేసు ప్రభువు గద్దించాడు కదా.

తమ్ముడూ, మీకు ఆదివారం సెలవు ఉంది, మాకు డ్యూటీ పడుతుంది. అందుకే మేము నలుగురం అక్కచెల్లెళ్లం వారం మధ్యలో డ్యూటీ దిగాక ఫోనులో కలిసి ప్రార్థన చేసుకుంటాం. మీ బిల్డింగులోనూ షిఫ్టుల్లో పనిచేసే మనవాళ్లు ఉంటారు, ముందు వాళ్లను పలకరించండి. అమ్మగారికి పంపే డబ్బు మాత్రం జీతం పడిన రోజే పంపేయండి. నెలాఖరుదాకా ఆగితే మాల్స్ మిగల్చవు.