ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు చెప్పిన్రు, మా తమ్మునికి బైపోలారేనా కాదా?

కాజీపేట_జంక్షన్:
అందరికి నమస్తే. మా తమ్మునికి 29 ఏండ్లు. 2017ల బీటెక్ బ్యాక్‌లాగ్స్ పడి రూమ్ల నుంచి బయటికి రాకుంట, తినకుంట అయితే హన్మకొండల ఒక డాక్టర్‌కు చూపిచ్చినం, డిప్రెషన్ అన్నడు, గోళీలు ఏసుకుంటే ఆరు నెల్లల్ల మంచిగైండు. మళ్ల 2021ల పది రోజులు నిద్ర లేదు, ఒకటే ముచ్చట్లు, బైక్ సగం ధరకు అమ్ముకున్నడు, అప్పుడు ఇంకో డాక్టర్ బైపోలార్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు దిగాలు) అని లిథియం గోళీలు పెట్టిండు. మొన్న హైదరాబాద్‌ల మూడో ఆయనకు, అప్పుడు గొంతులు గూడ వినపడ్డయ్ అని చెప్తే స్కిజోఎఫెక్టివ్ (మూడ్ రోగం, లేని గొంతులు వినపడే రోగం రెండు కలిసినట్టు) కావచ్చు అని చీటీ మీద రాసి పక్కకు ప్రశ్న గుర్తు పెట్టిండు. ఇగ మావోడు అదే పట్టుకున్నడు, "వాళ్లకే తెల్వది, నేనెందుకు మింగాలె" అని. నాకైతే ఏం చెప్పాలెనో సమజ్ అయితలేదు. ఎనిమిదేండ్లల్ల మూడు పేర్లు, అసలు ఈ రోగం గుర్తుపట్టుడు నమ్మేటట్టు ఉంటదా?

ఓరుగల్లు_బావ:
డాక్టర్లకే తెల్వనిది మనకేం తెలుస్తది అన్న. మా దిక్కు గిట్లనే అయితే గాలి సోకింది అని తాయెత్తు కట్టిచ్చిన్రు, ఇప్పుడు మంచిగనే ఉన్నడు.

నైట్‌డ్యూటీ_పీజీ:
ఫస్ట్ మాట, లిథియం ఒక్కసారి బంద్ చెయ్యనియ్యకున్రి, సడన్‌గ ఆపితే మళ్ల తిరగబెట్టే రిస్క్ ఎక్కువ. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోనియ్ బావా, గోళీ మాత్రం ఆపొద్దు.

నేను సైకియాట్రీల పీజీ చేస్తున్న. బైపోలార్‌ను ఖాయం చేసే రక్తపరీక్ష గాని స్కాన్ గాని లేదు, థైరాయిడ్, గంజాయి లాంటివి కావు అని చూస్కోనీకే టెస్టులు పనికొస్తయ్. మిగిలింది మీరు చెప్పే కథనే. శానామందికి ఈ రోగం ముందుగాల డిప్రెషన్‌గనే దిగుతది. మేనియా, అంటే ఆ మితిమీరిన హుషారు పూట, అనాలంటే ఆ హుషారో చిరాకో వారం రోజులన్న ఉండాలె, హాస్పిటల్‌ల పెట్టాల్సొస్తే ఆ లెక్క లేదు. ఆ హుషారు పూట ఇంకా రానప్పుడు 2017 డాక్టర్ డిప్రెషన్ అనక ఇంకేమంటడు?

అట్లని మేము తప్పు చెయ్యం అంటలేను. 2013ల డీఎస్ఎం-5 (మానసిక రోగాలు గుర్తుపట్టనీకే డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) వచ్చేటప్పుడు ఒకే పేషెంట్‌ను ఇద్దరు డాక్టర్లు ఎవరికి వాళ్లు చూస్తే ఎంత కలుస్తదో చూసిన్రు, 1 అంటే పూర్తిగ కలిసినట్టు, 0 అంటే గుడ్డిగ కలిసినంతే. బైపోలార్-1కు (పూర్తి మేనియా వచ్చే రకం) 0.56 వచ్చింది, డిప్రెషన్‌కైతే 0.28. మాక్కూడ సిగ్గనిపించే నంబరే అది. అమెరికాల సఫోక్ కౌంటీల సైకోసిస్‌తోటి (లేనివి వినపడుడు, లేనిపోనివి నమ్ముడు) మొదటిసారి అడ్మిట్ అయినోళ్లను పదేండ్లు చూస్కుంట పోతే సగం మందికి ఒక్కసారన్న పేరు మారింది. మీ తమ్మునిది వింత కేసేం కాదు.

మూడో ఆయన ప్రశ్న గుర్తు పెట్టుడే నాకు నచ్చింది. గొంతులు హుషారుల ఉన్నప్పుడో, దిగాలుల ఉన్నప్పుడో మాత్రమే వినపడితే అది బైపోలారే. మూడ్ మామూలుగ ఉన్నప్పుడు గూడ రెండు వారాలో ఇంకా ఎక్కువో వినపడితే స్కిజోఎఫెక్టివ్ దిక్కు పోతది. అది మీరే చెప్పాలె, ఎప్పుడు వినపడ్డయ్? ఇంకోటి, 2017కు 2021కి నడుమ ఏం కాలేదా? మంచిగ ఆలోచించి చెప్పున్రి.

కరీంనగర్_అక్క:
తమ్మీ నాకు బైపోలార్-2, హుషారు జర తక్కువుండే రకం. నాకు గూడ ముందు డిప్రెషన్ అనే నాలుగేండ్లు నడిపిన్రు, తప్పు నాదే సగం, మంచిగ అనిపించిన రోజులల్ల డాక్టర్ కాడికి ఎవలు పోతరు చెప్పు? పండుగలకు ఇల్లంత ఒక్కదాన్నే సున్నం ఏసి రాత్రి మూడింటికి సకినాలు చేస్తే మా అత్త మస్తు పనిమంతురాలు అని మెచ్చుకునేది 😀 అది రోగం అని నాకెట్ల తెలుస్తది. ఇప్పుడు గోడ క్యాలెండర్ మీద రోజు ఎన్ని గంటలు పండుకున్ననో రాస్త, చీటీలన్నీ ఒకటే ఫైల్ల పెడ్త, ఏ డాక్టర్ కాడికి పోయినా అదే ముందల పెడ్త. లిథియం లెవల్, థైరాయిడ్, కిడ్నీ టెస్టులు తప్పనియ్యకు. రాత్రిపూట ఇబ్బంది అయితే 14416కు ఫోన్ చెయ్, టెలీ మానస్ అని సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడుతరు.

కాజీపేట_జంక్షన్:
పీజీ అన్నా, నువ్వు అడిగినంక అమ్మను కూసోపెట్టి అడిగిన. 2020 మేడారం జాతరకు మావోడు తన ఎత్తు బంగారం మొక్కు అని చెప్పి ఊర్కోలే, దోస్తులందరి ఎత్తు బెల్లం తూగిచ్చిండు, కిరాణా సేటు కాడ ఉద్దెర పెట్టి. ఐదారు రోజుల ముందు నుంచే నిద్ర లేదు, జాతరల గూడ లేదు, అందరికి తల్లి నాతోటి మాట్లాడుతున్నది అని చెప్పుకుంట తిరిగిండట. మేము భక్తి అనుకున్నం, చుట్టాలైతే కాళ్లు గూడ మొక్కిన్రు. ముగ్గురు డాక్టర్లల్ల ఒక్కలకు గూడ ఈ ముచ్చట చెప్పలే. నడుమ రోజులల్ల గొంతులు ఉన్నయా అని వాణ్ణే అడిగిన, లేవు అంటుండు, నిజం చెప్తుండో లేదో. సోమవారం ఫైల్ తీస్కొని మళ్ల పోతున్నం. బెల్లం బాకీ రెండు వేలు ఇంకా ఉన్నదంట, గది గూడ ఇప్పుడే తెల్సింది.