280 టెంపోలో బాస్ సోలో: రెండో ఏ సెక్షన్‌కే చేయి బిగుసుకుపోతోంది

కొత్త_బాసిస్ట్: జాజ్‌లో డబుల్ బాస్ మీద బి ఫ్లాట్ రిథమ్ ఛేంజెస్ (ఏ, ఏ, బ్రిడ్జ్, ఏ అని ఎనిమిదేసి బార్ల నాలుగు సెక్షన్ల కార్డ్ వరస), టెంపో 280, అంటే నిమిషానికి 280 బీట్లు. వాకింగ్‌తో (బీట్‌కో నోటు చొప్పున నడపడం) ఇబ్బంది లేదు. సోలోకి వచ్చేసరికి కుడి ముంజేయి పట్టేస్తోంది, నోట్లన్నీ ముద్దగా వినిపిస్తున్నాయి. పియానో ఆగిందంటే బ్రిడ్జ్ ఎక్కడో కూడా తెలియడం లేదు. 200లో ఇవేవీ లేవు. మెట్రోనోమ్‌ను రోజుకు ఐదు చొప్పున పెంచుకుంటూ పోవడమేనా?

నాలుగు_తీగలు: అలా పెంచితే ఒక చోట ఆగిపోతారండీ. 280లో ఒక బార్ (నాలుగు బీట్లు) 0.86 సెకను, 32 బార్ల కోరస్ (ఈ వరస ఒక చుట్టు) మొత్తం 27 సెకన్లు. వరసగా ఎయిత్ నోట్లు (బీట్‌కు రెండు) వాయిస్తే సెకనుకు 9కి పైగా పడతాయి. లావు తీగ నోటు తేరుకునేలోపే తర్వాతిది మీద పడుతుంది. ముద్ద అయ్యేది అందుకే.

280ని లెక్కపెట్టకండి, 140ని లెక్కపెట్టండి. మెట్రోనోమ్ 140కి పెట్టి ఆ క్లిక్‌ను 2, 4 బీట్లుగా వినండి. కుదిరాక 70, అంటే బార్‌కు ఒకే క్లిక్. తాళం ఒకటో కాలంలో వేస్తూ రెండో కాలం పాడే అలవాటున్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. సోలోకి పునాది క్వార్టర్ నోట్లే (బీట్‌కు ఒకటి). ఎయిత్ నోట్లు నాలుగో ఆరో ఒక గుప్పెడు వేసి, ఒకటి రెండు బార్లు వదిలేయండి.

హాఫ్_పొజిషన్: పై మాటకు ఎడమచేతి సంగతి కలుపుతాను. బి ఫ్లాట్ స్కేల్ ఒక ఆక్టేవ్ మొత్తం చేయి జరపకుండా హాఫ్ పొజిషన్‌లోనే (చేయి మెడ పైకొస దగ్గర ఉండే చోటు) దొరుకుతుంది. బ్రాకెట్లలోవి వేళ్ల నంబర్లు: 1 చూపుడు వేలు, 2 నడిమి వేలు, 4 చిటికెన వేలు. ఎ తీగ మీద బి ఫ్లాట్ (1), సి (4). తర్వాత ఖాళీ డి, ఆ తీగ మీదే ఇ ఫ్లాట్ (1), ఎఫ్ (4). ఆపైన ఖాళీ జి, ఎ (2), బి ఫ్లాట్ (4). ఏ సెక్షన్లకు ఇది చాలు.

బ్రిడ్జ్‌లో డి7, జి7, సి7, ఎఫ్7 కార్డ్‌లు ఒక్కోటి రెండేసి బార్లు. ఒక్కో కార్డ్‌లో మూడో, ఏడో స్వరాలు మాత్రం పట్టుకోండి. డి7కు ఎఫ్ షార్ప్, సి. జి7కు ఎఫ్, బి. ఈ నాలుగూ డి, ఎ తీగల మీద ఫస్ట్ పొజిషన్‌లోనే (హాఫ్ పొజిషన్‌కు అర స్వరం పైన) ఉన్నాయి. సి7 దగ్గర హాఫ్ పొజిషన్‌కు దిగితే ఇ, బి ఫ్లాట్. ఎఫ్7కు ఇ ఫ్లాట్, ఖాళీ ఎ. ఎనిమిది బార్లకు చేయి జరిగేది ఒక్కసారే. ఆ ఎఫ్ షార్ప్‌ను బ్రిడ్జ్ మొదటి బీట్ మీదే గట్టిగా మోగించండి, దారి తప్పరు. డ్రమ్మర్‌ను 2, 4 మీద హై-హ్యాట్ (కాలితో మోగించే తాళాల జత) వదలొద్దని ముందే అడగండి.

కొత్త_బాసిస్ట్: థంబ్ పొజిషన్‌కు (ఎడమ బొటనవేలిని కూడా తీగ మీద పెట్టి వాయించే పై స్వరాల చోటు) వెళితే నోట్లు స్పష్టంగా ఉంటాయి కదా? మరి కుడిచేయి మాట?

నాలుగు_తీగలు: పైన స్పష్టంగానే ఉంటాయి, కానీ హాఫ్ పొజిషన్ నుంచి అక్కడికి 45 సెంటీమీటర్లకు పైనే దూరం. 280లో రెండు బీట్లంటే 0.43 సెకను. ఖాళీ జి మోగిస్తూ ఆ సందులో చేరండి.

కుడిచేతికి: వాకింగ్‌లోలా వేలి పక్కభాగంతో లాగకండి, అది నెమ్మది. వేలి కొసతో, ఫింగర్‌బోర్డ్ చివరి దగ్గర. ఒకే తీగ మీద చూపుడు, నడిమి వేళ్లు మార్చిమార్చి. కింది స్థాయి తీగకు దిగేటప్పుడు అదే వేలిని జార్చేయండి. డెన్మార్క్ జాజ్ బాసిస్ట్ నీల్స్-హెన్నింగ్ ఓర్‌స్టెడ్ పెడెర్సెన్ మూడు వేళ్లు వాడేవాడు, ముందు రెండు కుదరనివ్వండి. బొటనవేలు ఫింగర్‌బోర్డ్ అంచును నొక్కేస్తుంటే ముంజేయి పట్టేయడానికి కారణం అదే.

హాఫ్_పొజిషన్: తీగ ఎత్తు కూడా కొలవండి. ఫింగర్‌బోర్డ్ చివర జి తీగ 9 మిల్లీమీటర్లుంటే ఈ టెంపోలో చేయి అలసిపోవడం ఖాయం. 5-6కి దించి, తక్కువైన శబ్దాన్ని ఆంప్‌లో పెంచుకోండి. ఇంకోటి, ఇక్కడ ఎయిత్ నోట్లను స్వింగ్ చేయబోతే (జంటలో మొదటిదాన్ని సాగదీస్తే) వెనకబడతారు. దాదాపు సమంగా వాయించి, లైన్‌లో పై నోటుకు నొక్కు ఇస్తే చాలు.