అప్‌డేట్: మట్టి వినాయకుడి తొండం ఈసారి ఊడలేదు

ఇంట్లో చేసిన మట్టి వినాయకుడు ఆరేసరికి పగిలిపోయి, తొండం ఊడిపోతోందని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే మళ్లీ చేశాను, నిలిచింది! అసలు తప్పు ఎండలో పెట్టడమే. పైపొర గబగబా ఆరి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా తడే.

ఈసారి చెరువు మట్టి జల్లించి, రాత్రంతా నానబెట్టి, కాస్త దూది కలిపి చపాతీ పిండిలా పిసికాను. తొండం అతికే చోట పుల్లతో గీతలు గీసి, పల్చటి మట్టినీళ్లు రాసి నొక్కాను. తడిగుడ్డ కప్పి నాలుగు రోజులు నీడలోనే ఉంచాను. చెవి వెనక సన్నటి పగులొకటి వచ్చింది, దాన్నీ మట్టినీళ్లతోనే పూడ్చేశాను.

కళ్లకు అమ్మ గురివింద గింజలు పెట్టింది. పెట్టగానే బొమ్మ కాస్తా దేవుడైపోయాడు! అవి విషం, పసిపిల్లలున్న ఇళ్లలో మాత్రం వద్దు. అందరికీ చాలా థ్యాంక్స్.