అప్‌డేట్: రాయగడ నుంచి, చెల్లికి సైకాలజిస్ట్ దొరికారు

మా చెల్లికి బస్సెక్కితే గుండెదడ, చెమటలు, ఊపిరాడనట్టు అవుతోందని, ఈసీజీ, థైరాయిడ్ అన్నీ మామూలుగానే వచ్చాయని, అసలైన సైకాలజిస్ట్‌ని ఎలా గుర్తుపట్టాలని అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

మీరు చెప్పినట్టే ముందు ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడిగాం. ఉత్త ఎమ్మే సైకాలజీ చాలదట. క్లినికల్ సైకాలజిస్ట్‌కి 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పే అర్హతల్లో ముఖ్యమైనది పీజీ తర్వాత 2 ఏళ్ల ఎం.ఫిల్, అదీ సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ. ఇక్కడ పెద్ద బోర్డు పెట్టుకున్న ఒకాయన, నంబరు అడగ్గానే ముఖం మాడ్చుకున్నాడు. లేచి వచ్చేశాం.

చివరికి విశాఖలో ఒక మేడం కుదిరారు. చెల్లి ఒడియా మీడియంలో చదివినా, భయం సంగతి తెలుగులోనే చెప్పుకోగలదు. యాంగ్జైటీ కేసులు ఎన్నాళ్లుగా చూస్తున్నారు, ఏ పద్ధతి అని అడిగితే ఆవిడ నొచ్చుకోలేదు. సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స), అందులో ఎక్స్‌పోజర్, అంటే భయపెట్టేవాటినే కొద్దికొద్దిగా ఎదుర్కోవడం అన్నారు. ఆ దడను కావాలనే తెప్పించడానికి చెల్లిని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పారు, సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమన్నారు. అదే దడ, అదే తల తిరుగుడు వచ్చాయి, కాసేపటికి వాటంతటవే తగ్గాయి. "ఇదేం వైద్యమే తల్లీ!" అని అమ్మ గొణుగుడు.

మందులు ఆవిడ రాయరు, అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. అంత దూరం వెళ్లలేనివాళ్లకు టెలి మానస్ ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ హెల్ప్‌లైన్, 14416, ఉచితం.

ఇప్పుడు గుణుపురం బస్సులో చెల్లి ఒక్కతే వెళ్లొస్తోంది. కొరాపుట్ రైలంటే మాత్రం ఇంకా టెన్షనే, ఆ దారి నిండా సొరంగాలు. ఒక్కొక్కటిగా ఎదుర్కోవాల్సిన భయాల లిస్టులో మేడం దాన్ని ఆఖర్న పెట్టారు.