అప్‌డేట్: ఇంటెగ్రిన్ పరీక్ష గురించి అడిగిన ప్రశ్న

ఐవీఎఫ్‌లో రెండుసార్లు పిండం నిలవకపోవడంతో, గర్భాశయ లోపలి పొరకు ఇంటెగ్రిన్ పరీక్ష చేయించుకోవాలా అని పోయిన నెల అడిగాను. నిన్న హన్మకొండలో మా డాక్టరమ్మ ఓపికగా వివరించిన సంగతులు రాస్తున్నాను.

ఇంటెగ్రిన్లు కణాల ఉపరితలంపై ఉండి, చుట్టూ ఉన్న పదార్థాన్ని పట్టుకునే ప్రొటీన్లు. వాటిలో ఆల్ఫా-వి బీటా-3 అనేది, 28 రోజుల నెలసరి చక్రంలో సుమారు 20వ రోజున, అంటే పిండాన్ని స్వీకరించడానికి పొర సిద్ధమయ్యే నాలుగైదు రోజుల వ్యవధి మొదలయ్యేటప్పుడు, పొర పైవరుస కణాలపై కనిపిస్తుంది. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ప్రభావంతో ఆ పొరలోని గ్రంథులు స్రవించే ఆస్టియోపాంటిన్ అనే ప్రొటీన్ దానికి అతుక్కుంటుంది. పరకాల నుంచి వెంట వచ్చిన మా అత్తమ్మ "అయితే జిగురు తక్కువైందా అమ్మా?" అని అడిగితే, జిగురు ఉన్నా సమయం కుదరాలని డాక్టరమ్మ చెప్పిన మాట నాకు విషయాన్ని తేటపరిచింది.

నాకు ఎండోమెట్రియోసిస్ (గర్భాశయ లోపలి పొర లాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉంది. ఆ జబ్బు ఉన్న కొందరిలో ఈ ఇంటెగ్రిన్ తక్కువగా కనిపించిన మాట నిజమే. అయినా ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి గర్భం నిలుస్తుందో లేదో నమ్మకంగా చెప్పలేమని, అందుకే అందరికీ రాయరని తెలిసింది. కాబట్టి పరీక్ష మానుకుని, మూడో ప్రయత్నానికి ముందు ఎండోమెట్రియోసిస్‌కు చికిత్స తీసుకోవాలని నిర్ణయించుకున్నాము.