చెల్లికి ఊపిరితిత్తుల మార్పిడి అయి 8 నెలలు, ఊదే లెక్క తగ్గుతోంది: ఇన్‌ఫెక్షనా, రిజెక్షనా?

ఉప్పల్_అన్న:
నమస్తే అండీ. మా చెల్లికి 23 ఏళ్లు, పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్, ఊపిరితిత్తుల్లో చిక్కటి తెమడ పేరుకుపోయే జబ్బు). అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించి చాలాకాలం ఎదురుచూశాక, 8 నెలల క్రితం ఇక్కడే హైదరాబాద్‌లో రెండు ఊపిరితిత్తులూ మార్చారు. ఇన్నాళ్లూ బాగానే ఉంది, మూడో అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కేది. రోజూ పొద్దున ఇంట్లో స్పైరోమీటర్‌లో ఊదించి నోట్‌బుక్‌లో రాసుకుంటాం. ఎఫ్‌ఈవీ1, అంటే గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, ఎప్పుడూ 2.4 లీటర్ల దగ్గరే ఉండేది, పది రోజులుగా 2.3, 2.2, నిన్నా ఇవాళా 2.1 వచ్చింది. కొద్దిగా పొడిదగ్గు, జ్వరం 99.5. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనపడలేదు. రేపు అడ్మిట్ చేసి బ్రాంకోస్కోపీ (ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం పంపి చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తామన్నారు. అమ్మ అస్సలు ఒప్పుకోవట్లేదు, మొదటిసారి చేసినప్పుడు తెమడలో రక్తం చూసి బాగా భయపడింది. బంధువులేమో రిజెక్షన్ (కొత్త ఊపిరితిత్తుల్ని ఒళ్లే పరాయివనుకుని దాడి చేయడం) అయితే స్టెరాయిడ్ ఎక్కిస్తే అయిపోతుంది కదా, మళ్లీ ముక్క తీయడం దేనికి అంటున్నారు. నాకు రాత్రంతా నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది. ఫంగస్‌కి వాడిన వోరికొనజోల్ మూడు వారాల క్రితం ఆపారు, అది తప్ప మందుల్లో మార్పేమీ లేదు. ఇది దాటి వచ్చినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

రెండో_ఊపిరి:
తమ్ముడూ, నాదీ సీఎఫే, మార్పిడి అయి ఐదో ఏడు నడుస్తోంది. బయాప్సీ ఆపొద్దు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా రిజెక్షన్ వచ్చినా బయటికి కనిపించేది ఒకటే: ఆయాసం, దగ్గు, ఊదే లెక్క పడిపోవడం. పైగా మనం ఎప్పుడూ స్టెరాయిడ్ మీదే ఉంటాం కాబట్టి లోపల పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం 99 దాటకపోవచ్చు, ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోకండి. కానీ వైద్యం మాత్రం రెండింటికీ పూర్తిగా ఎదురెదురు. రిజెక్షన్ అయితే రోగనిరోధక శక్తిని ఇంకా అణచాలి, ఇన్‌ఫెక్షన్ అయితే దాన్ని అణిచేకొద్దీ క్రిమికి దారి వదిలినట్టే. రెండో ఏడు నాకిలాగే లెక్క పడితే, ఊళ్లో లేనని దగ్గర్లోని ఒక ఆసుపత్రికి వెళ్లాను, వాళ్లు రిజెక్షనే అయ్యుంటుందని అంచనా వేసి స్టెరాయిడ్ ఎక్కించేశారు. తీరా చూస్తే సీఎంవీ వైరస్. ఆ వైరస్ రాకుండా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్ ఆపాక వచ్చే నెలల్లోనే అది తల ఎత్తుతుందని నాకప్పటికి తెలీదు. మూడు వారాలు ఐసీయూలో ఉన్నాను, మా ఆవిడ పడిన బాధ ఇప్పుడు తలుచుకున్నా కళ్లు నిండుతాయి. బయాప్సీ అయ్యాక ఒకటి రెండు రోజులు తెమడలో కొంచెం రక్తపు చార రావడం మామూలేనని అమ్మకి చెప్పండి, ఎక్కువ రక్తం పడినా ఒక్కసారిగా ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలవాలి. బ్రాంకోస్కోపీలో ముక్కతోపాటు లోపల కడిగిన నీళ్లు కూడా తీసి సూడోమోనాస్ బ్యాక్టీరియా, ఫంగస్, టీబీ, వైరస్ అన్నీ చూస్తారు. ఒక్క పరీక్షతో రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

ఫార్మసిస్ట్_తార్నాక:
మీరు చివర్లో చెప్పి వదిలేసిన వోరికొనజోల్ మాటే నాకు ముఖ్యంగా అనిపిస్తోంది. ఆ మందు ఉన్నన్నాళ్లూ, రిజెక్షన్ రాకుండా వేసుకునే టాక్రోలిమస్‌ని కాలేయం తొందరగా విరగ్గొట్టలేదు, అందుకే అది మొదలుపెట్టినప్పుడు టాక్రోలిమస్ డోసు మూడోవంతుకి దగ్గరగా తగ్గిస్తారు. అది ఆపగానే కాలేయం మళ్లీ తన పని మొదలుపెడుతుంది, మాత్ర అదే అయినా రక్తంలో లెవెల్ పడిపోతుంది. డోసు తిరిగి పెంచారా? ఆపాక లెవెల్ ఎన్నిసార్లు చేయించారు? రేపు రక్తం ఇచ్చేటప్పుడు పొద్దున మాత్ర వేసుకోకుండా, రాత్రి మాత్రకి 12 గంటల తర్వాత ఇవ్వాలి, ముందే వేసుకుంటే లెవెల్ లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. ఇంకో మాట, దగ్గుకి మెడికల్ షాపులో అడిగి క్లారిత్రోమైసిన్ లాంటివి కొనకండి, అది లెవెల్‌ని అమాంతం పెంచుతుంది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ బాగా దించేస్తుంది. ఒళ్లునొప్పులకి ఐబుప్రోఫెన్ వద్దు, చిన్నప్పటి నుంచి అమికాసిన్ ఇంజెక్షన్లు తీసుకున్న కిడ్నీలవి. పంపరపనస కూడా తినకూడదు, చాలామందికి ఈ సంగతి చెప్పేవాళ్లే ఉండరు.

ఉప్పల్_అన్న:
మీ మెసేజ్ చదివాక చేతులు వణికాయి. వోరికొనజోల్‌కి ముందు పూటకి 3 మిల్లీగ్రాములు, అది మొదలయ్యాక 1కి తగ్గించారు. ఆపేటప్పుడు 1.5 చేసి, వారంలో లెవెల్ చేయించుకుని రమ్మన్నారు, దాన్నిబట్టి ఇంకా పెంచుతామన్నారు. మేం సంక్రాంతికి ఊరెళ్లి, వచ్చాక చేయిద్దాంలే అనుకున్నాం. చెల్లి బాగానే ఉంది కదా అని. తప్పు నాదే. ఇప్పుడే కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. అమ్మ కూడా బయాప్సీకి ఒప్పుకుంది, రెండో_ఊపిరి అన్న రాసింది చదివి వినిపించాను.

మలక్‌పేట_అమ్మ:
బాబూ, నీమీద నువ్వు నేరం మోపుకోకు, సమయానికి కనిపెట్టావు. మా అబ్బాయికి నాలుగేళ్ల కింద అయింది. కొత్త ఊపిరితిత్తుల్లో సీఎఫ్ ఉండదు, కానీ ముక్కు లోపలి సైనస్‌లలో పాత జబ్బు అలాగే ఉంటుంది, అక్కడ దాక్కున్న సూడోమోనాస్ మెల్లగా కిందికి దిగుతుంది. అందుకే మేం రోజూ మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడిగిస్తాం, చెల్లికి నేర్పించారో లేదో అడుగు. బాల్కనీకి పావురాల వల కట్టించారా? ఎండిన రెట్ట దుమ్ములో ఫంగస్ ఉంటుంది, ఊడ్చే పని తనకి చెప్పొద్దు, ఎండాకాలం కూలర్ కూడా వద్దు, ఆ తడి గడ్డిలో ఏం పెరుగుతుందో మనకి కనపడదు. ఇంట్లో పసిపిల్లలుంటే పోలియో చుక్కలు వేశాక కొన్ని వారాలు వాళ్ల డైపర్లు తను మార్చకూడదని మా డాక్టరమ్మ చెప్పారు. తిన్నది అరగడానికి ఇచ్చే క్రియాన్ క్యాప్సూల్స్ తిండితోపాటు వేసుకోవడం మానట్లేదు కదా? ఊపిరి బాగుందని మావాడు అదొకటి మానేసి మూడు కిలోలు తగ్గాడు.

ఉప్పల్_అన్న:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. టాక్రోలిమస్ లెవెల్ 4.6 వచ్చింది, తనకి 10 దగ్గర ఉండాలి. బయాప్సీలో రిజెక్షన్, ఏ2 గ్రేడ్, అంటే తేలికపాటిది. కడిగిన నీళ్లలో ఫంగస్ లేదు, సీఎంవీ లేదు, టీబీ కల్చర్ రావడానికి ఇంకా వారాలు పడుతుంది. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మూడు రోజులు ఎక్కించారు, షుగర్ 380 దాకా వెళ్తే ఇన్సులిన్ పెంచారు. ఇలాంటివి ఒక్కసారి వచ్చినా శాశ్వత రిజెక్షన్ ముప్పు పెరుగుతుందని, మళ్లీ మళ్లీ వస్తే ఇంకా ఎక్కువని, 20 శాతం తగ్గి అలాగే ఉండిపోతే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టమని డాక్టర్ చెప్పారు. మనం 12 శాతం దగ్గర దొరికించుకున్నాం. డోసు పెంచారు, వారానికి రెండుసార్లు లెవెల్, తారీఖులన్నీ గోడ క్యాలెండర్ మీద అమ్మే ఎర్ర పెన్నుతో రాసుకుంది. ఇవాళ పొద్దున చెల్లి 2.25 ఊదింది. నోట్‌బుక్‌లో తనే రాస్తానని పెన్ను లాక్కుంది.